రెండు బ్రహ్మోత్సవాల ఏడు

తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురు సందులో జయరావు లాడ్జి అని ఒకటి ఉండేది. అక్కడ చెంగల్రాయుడు గుమాస్తా. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, గది చూపించి తాళంచెవి చేతిలో పెట్టడం, వాళ్ళు వెళ్ళేటప్పుడు బకెట్టూ చెంబూ ఉన్నాయా లేవా అని చూసుకుని తాళంచెవి వెనక్కి తీసుకోవడం అతని పని. పొద్దున లేచింది మొదలు పైఊళ్ళవాళ్ళకు గదులు పంచిపెట్టే మనిషికి తాను తలదాచుకోవడానికి గది లేదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అతనికీ మొదట్లో నవ్వొచ్చేది. కౌంటరు వెనక చాప పరుచుకుని, చొక్కా మడిచి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. పెళ్ళయ్యాక ఆ నవ్వు తగ్గిపోయింది.

అతనిది సత్యవేడు పక్క పల్లె. తండ్రి వదిలిపోయిన రెండెకరాల మెట్ట చేను ఉండేది. ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు ఊరు విడిస్తే తప్ప రెండోవాడి కడుపు నిండని చేను అది. పదో తరగతి గట్టెక్కినవాడు కాబట్టి చెంగల్రాయుడే బయల్దేరాడు. పలమనేరు అవతల ఒక పల్లెలో సుబ్బులమ్మ అనే వితంతువు కూతురు వసంతమ్మను చేసుకున్నాడు. కొత్త కోడలు సత్యవేడులో అత్తవారింట, అన్నావదినల కాపురంలో కొన్నాళ్ళుంది. శనక్కాయల కోతల్లో వంగి వంగి పనిచేసింది. రెండుసార్లు కడుపు పండింది, రెండుసార్లూ మూడోనెల తిరక్కుండానే పోయింది. రెండోసారి సుబ్బులమ్మ వచ్చి, ఎవరినీ ఏమీ అనకుండా, కూతుర్ని వెంటబెట్టుకుని పోయింది.

అట్లా మొగుడు తిరుపతిలో, పెళ్ళాం పలమనేరు పక్కన. నెలకొకసారి సెలవు దొరికితే చెంగల్రాయుడు అరటిపళ్ళో, పూలో పట్టుకుని బస్సెక్కేవాడు. సాయంత్రానికి చేరేవాడు, మర్నాడు పొద్దున్నే వెనక్కి బయల్దేరేవాడు. వాళ్ళు కాపురం చేసింది ఇంట్లో కాదు, బస్సులో అని చెప్పొచ్చు. వసంతమ్మ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. చీర అడగలేదు, కమ్మలు అడగలేదు. ఒకసారి మాత్రం బస్సుకోసం రోడ్డుమీద నిలబడి ఉండగా అడిగింది.

"మనకొక గది తీసుకో మామా. గోడలకు సున్నం లేకపోయినా పర్వాలేదు. తలుపుకు లోపల గడియ ఉంటే సాలు."

ఆ మాట విన్నప్పటి నుంచి చెంగల్రాయుడికి కంటిమీద కునుకు లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దెకు దిగి చూడు అనలేదు. వాళ్ళ కాలంలో అద్దెకొంపలు లేవేమో గానీ, ఉండి ఉంటే మొదట ఆ మాటే చెప్పేవాళ్ళు. అతని జీతం నూట ఎనభై. అందులో ఒక సంసారం నడుస్తుందా, నడవదా? అదేమంత పెద్ద లెక్క అనిపిస్తుంది మనకు. ఆ లెక్క వేసేవాడికి తెలుస్తుంది దాని బరువు. బియ్యం దగ్గర మొదలుపెట్టి అగ్గిపెట్టె దాకా వచ్చేసరికి జీతం అయిపోయేది, అద్దె ఇంకా మిగిలే ఉండేది.

లాడ్జి ముందు టీకొట్టు పెట్టుకున్న కుప్పుస్వామి నలుగురు పిల్లల్ని ఆ ఊళ్ళోనే పెంచినవాడు. అతని దగ్గర ఒక సూత్రం ఉంది. జీతాన్ని నాలుగు భాగాలు చెయ్యాలి. ఒక భాగం ఇంటాయనకు, రెండు భాగాలు కడుపుకు, మిగిలిన ఒకటి రోగానికీ రొష్టుకూ. ఇంటాయన భాగం దాటితే రోగం భాగంలో చెయ్యి పెట్టాల్సి వస్తుందని, రోగం చెప్పి రాదని అనేవాడు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్నది అందరికీ తెలిసిన మాటే గానీ, దుప్పటి కొలత చెప్పినవాడు కుప్పుస్వామి ఒక్కడే. ఆ కొలతకు అద్దె నలభై అయిదు దాటకూడదు. ఊళ్ళో ఎక్కడ చూసినా డెబ్భై, ఎనభై, పైన మూడు నెలల అడ్వాన్సు. చెంగల్రాయుడు మధ్యాహ్నం పూట దొరికే గంట ఖాళీలో వీధి వీధీ తిరిగాడు. కొందరు పిల్లలున్నారా అని అడిగారు. లేరంటే ఎందుకు లేరని అడిగారు. ఇల్లిచ్చేవాడికి అడగడానికి హద్దేముంది?

చివరికి గోవిందరాజుల గుడి వెనక వీధిలో పెరుందేవమ్మ ఇల్లు తగిలింది. ఆమె భర్త రంగరాజుగారు స్వామి కైంకర్యంలో బతుకంతా గడిపి, భార్యకు ఆ పాత ఇల్లూ నలుగురిలో మర్యాదా మిగిల్చి పోయారు. మర్యాద పొయ్యిమీద ఉడకదు కాబట్టి ఆమె పెరటి వైపున్న రెండు గదులూ అద్దెకిచ్చేది. ఒకదాంట్లో పూలమ్ముకునే మునెమ్మ ఉంది. రెండోది ఖాళీ. అద్దె సరిగ్గా నలభై అయిదు. అడ్వాన్సు లేదు. ఇంత చవగ్గా ఎందుకిస్తోందా అని చెంగల్రాయుడికి అనుమానం వచ్చేలోపలే ఆమె చెప్పింది. బ్రహ్మోత్సవాలకు గది ఖాళీ చేసి ఇవ్వాలి. కాంచీపురం యాత్రికులు మామగారి కాలం నుంచీ ఆ గదిలోనే దిగుతున్నారు. ఆ పది రోజులకు వాళ్ళిచ్చేదే ఆమెకు ఏడాది ఆధారం. మునెమ్మకు ఎటూ పోయే దిక్కులేదు కాబట్టి ఆమెను కదిలించదట.

అందులో వింతేమీ లేదు. ఆ వీధిలో చాలా ఇళ్ళు అంతే. పల్లెలో శనక్కాయ పంట ఎట్లాగో ఆ వీధికి ఉత్సవాలు అట్లాగ. చెంగల్రాయుడు గుమ్మంలో నిలబడే లెక్క వేశాడు. ఏడాదికి పది రోజులు. వసంతమ్మ పుట్టింటికి పోతుంది, తాను కౌంటరు వెనక చాప పరుచుకుంటాడు. పది రోజుల ఇబ్బందికి నెల నెలా పాతిక రూపాయలు మిగులు. ఏ మూల నుంచి చూసినా లెక్క కుదిరింది. అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. సంగతి చెప్తే వసంతమ్మ నవ్వింది. పుట్టింటికి పొమ్మని ఇంటామె చెప్పడం, అదీ గుడి పక్కన ఇల్లు, ఇంకేం కావాలంది.

ఆ గదిలో వాళ్ళు రెండేళ్ళు కాపురం చేశారు. డెబ్భై అయిదులో దిగారు. గది చిన్నదే. పొయ్యి ఒక మూల, ట్రంకుపెట్టె ఒక మూల, మధ్యలో ఇద్దరు పడుకునే చోటు. తెల్లవారుజామున గుడిలో నాదస్వరం మొదలవుతుంటే వసంతమ్మ లేచి వాకిలి చిమ్మేది. మధ్యాహ్నం చెంగల్రాయుడు గంటసేపు వచ్చి రాగిసంగటో, చింతచిగురు పప్పూ అన్నమో తిని పోయేవాడు. ఒక్కోరోజు అన్నం తిన్నాక కూడా కదలక కూర్చుంటే వసంతమ్మ కసిరేది, అక్కడ యాత్రికులు గోల పెడుతుంటారు పొమ్మని. లోకంలో ఎందరో మొగుళ్ళు రోజూ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటారు. అదొక భోగమని వాళ్ళకు తెలియదు. చెంగల్రాయుడికి తెలుసు.

ఇంటిలెక్క వేయడం వసంతమ్మకు నేర్పిందీ అతనే. కుప్పుస్వామి చెప్పిన నాలుగు భాగాలకు నాలుగు డబ్బాలు పెట్టి, ఏ డబ్బాలోది ఏ డబ్బాలోకి పోకూడదో చెప్పాడు. ఆమె గురువును మించింది. రోగానికీ రొష్టుకూ పెట్టిన డబ్బాను చేత్తో తాకేది కూడా కాదు. ఏటా బ్రహ్మోత్సవాలకు ట్రంకుపెట్టె సర్ది, ఆ పెట్టెను మునెమ్మ గదిలో పెట్టి ఊరికి పోయేది. తిరిగొచ్చాక గది రెండుసార్లు కడిగేది. వేరేవాళ్ళు పడుకుని పోయిన చోటు ఎంత కడిగినా ఏదో ఉన్నట్టే ఉంటుందని ఒక్కసారి అంది, అంతే.

మూడో ఏట వసంతమ్మకు మళ్ళీ కడుపు నిలిచింది. ఈసారి చెంగల్రాయుడు ఆలస్యం చెయ్యలేదు. ఊళ్ళో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె అన్నీ అడిగి తెలుసుకుని, గర్భసంచి ముఖం బిడ్డ బరువుకు నిలవలేకపోతోందని చెప్పి కుట్టు వేసింది. బరువులెత్తొద్దు, తిరగొద్దు అంది. మూడో నెల దాటింది. నాలుగో నెల దాటింది. నెల దాటిన ప్రతిసారీ మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు గానీ పైకి ఏమీ అనేవాళ్ళు కాదు. అంటే దిష్టి తగులుతుందని ఇద్దరికీ భయమే.

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. అధికమాసం వచ్చిన ఏడు కొండమీద స్వామికి బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. భాద్రపదంలో ఒకసారి, దసరా నవరాత్రుల్లో ఇంకోసారి. తిరుపతిలో ఈ సంగతి తెలియని పిల్లవాడు ఉండడు. లాడ్జి గుమాస్తాకు తెలియకుండా ఉంటుందా? ఉగాది నుంచీ వచ్చినవాడికల్లా చెంగల్రాయుడే చెప్తున్నాడు, ఈ ఏడు రెండుసార్లు, గది కావాలంటే ముందే రాసుకోండని. చెప్తున్నాడు గానీ అది తన గదికి కూడా తగులుతుందని అతనికి తట్టలేదు. లాడ్జి గదులు వేరు, తన గది వేరు. తన గది కాపురమున్న చోటు. దాన్ని గదుల్లో ఒక గదిగా అతను ఎప్పుడూ అనుకోలేదు. అదే అతను చేసిన తప్పు.

భాద్రపదంలో ఎప్పటిలాగే ఖాళీ చేశారు. అప్పటికి వసంతమ్మకు ఆరో నెల. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ మలుపుల్లో బస్సు కుదుపులకు ఆమెకు కొంచెం రక్తం కనబడింది. పది రోజులూ పుట్టింట్లో మంచం దిగలేదు. తిరిగొచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టింది. ఇక కాన్పయ్యేదాకా బస్సు మాట ఎత్తొద్దని, ఉన్న గదిలోనే ఉన్నచోటే ఉండాలని, మళ్ళీ ఇంకోసారి ఇట్లా జరిగితే తాను చేయగలిగిందేమీ లేదని ఖండితంగా చెప్పేసింది. చెంగల్రాయుడు తల ఊపాడు. ఏడాది గండం గడిచిపోయిందనుకున్నాడు.

నెల తిరక్కముందే పెరుందేవమ్మ పెరట్లోకొచ్చి నిలబడింది. దసరా దగ్గరికొస్తోంది, గది సంగతి ఏం చేశావని అడిగింది.

"పోయిన నెలే ఖాళీ చేసి ఇచ్చినాం గదమ్మా," అన్నాడు చెంగల్రాయుడు.

"బ్రహ్మోత్సవాలకు అన్నాను గానీ, ఒకసారి అన్నానా అప్పా?"

ఆమె అన్నది నిజమే. మన భాషలో ఆ మాటకు ఒకటీ రెండూ లేవు. ఒకసారి జరిగినా బ్రహ్మోత్సవాలే, రెండుసార్లు జరిగినా బ్రహ్మోత్సవాలే. ఆ రోజు గుమ్మంలో నిలబడి అన్నీ లెక్కవేసిన మనిషి ఈ ఒక్క మాటను లెక్కలోకి తీసుకోలేదు. కరువులో అధికమాసం అనే సామెతను అతను చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. దాని అర్థం ఆ పెరట్లో తెలిసింది.

పెరుందేవమ్మ రాక్షసి కాదు. ఈ కథలో ఒక రాక్షసి ఉండి ఉంటే చెప్పేవాడికీ వినేవాడికీ ఎంతో సులువుగా ఉండేది. ఆమె కాంచీపురం వాళ్ళ దగ్గర ముందుగానే డబ్బు తీసుకుని కారుతున్న మిద్దె బాగుచేయించుకుంది. పోనీ తన ఇంట్లోనో, మునెమ్మ గదిలోనో ఒక మూల వసంతమ్మను ఉంచుకుందామంటే, నొప్పులొచ్చి అక్కడే కాన్పయితే పురుటి మైల ఇల్లంతటికీ అంటుతుంది. మొక్కుబడితో వచ్చినవాళ్ళు మైలపడిన ఇంట్లోంచి స్వామి దర్శనానికి ఎట్లా వెళ్తారు? ఆమె పెరిగిన తీరులో అది కాని పని. చెప్తూ చెప్తూ కొంగుతో కళ్ళొత్తుకుంది, తానూ బిడ్డలు లేనిదాన్నేనని. కానీ గది మాత్రం ఇవ్వలేకపోయింది.

చెంగల్రాయుడు మళ్ళీ వీధులు పట్టుకున్నాడు. ఉత్సవాల్లో తిరుపతిలో గది వెతకడమంటే తిరణాలలో తప్పిపోయినవాణ్ణి వెతకడమే. పశువుల కొట్టాలు కూడా కడిగి అద్దెకిచ్చేవాళ్ళు ఆ రోజుల్లో. చివరికి లాడ్జి యజమాని జయరావునే అడిగాడు. జయరావు వ్యాపారస్తుడే గానీ మరీ కఠినుడు కాదు. కింద అంతస్తులో కొళాయి పక్క గది ఇస్తానన్నాడు. ఉత్సవాల రేటులో సగం వేసుకుంటానని, జీతంలో కొంచెం కొంచెంగా పట్టుకుంటానని అన్నాడు. ఆ సగమే చెంగల్రాయుడి రెండు నెలల జీతం.

గది ఖాళీ చేయడానికి ఒక్కరోజే మిగిలిన ఆ మధ్యాహ్నం అన్నం తింటూ వసంతమ్మతో ఈ సంగతి చెప్పాడు. ఎంతని ఆమె అడిగితే ఎంతో కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆ ఇంట్లో డబ్బు సంగతి ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకుండా ఎప్పుడూ లేదు. ఆమె మజ్జిగ పోసి, రోగానికని పెట్టిన నాలుగో డబ్బా వైపు ఒకసారి చూసింది.

చెంగల్రాయుడు ఆ రాత్రంతా నాలుగు భాగాలనూ అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఏ భాగంలోంచి తీసినా చాలదు. తెల్లవారుజాముకు అతను బతుకులో మొదటిసారి లెక్కను అవతల పారేశాడు. చాలకపోతే చాలకపోనీ, కొన్నాళ్ళు ఒంటిపూట తిందాం, బిడ్డ కడుపులో నిలిస్తే అంతే చాలు అనుకున్నాడు. అట్లా అనుకున్నాక ఒళ్ళు తేలికయింది. చీకటితోనే లాడ్జికి పోయి జయరావుకు సరేనని చెప్పాడు. కొళాయి పక్క గదిని తానే ఊడ్చి కడిగాడు. మంచం గోడవారగా జరిపి, పైన దుప్పటి మడత విప్పి పరిచాడు. కుండలో మంచినీళ్ళు పట్టిపెట్టాడు. తాళంవేసి ఆ తాళంచెవి బోర్డుకు తగిలించకుండా జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం రిక్షా మాట్లాడుకుని పెరుందేవమ్మ ఇంటికి బయల్దేరాడు.

గది తలుపు తెరిచే ఉంది. లోపల కాంచీపురం వాళ్ళ మూటలున్నాయి. ఎవరో ముసలాయన నామం పెట్టుకుంటున్నాడు. చెంగల్రాయుడు మునెమ్మ వైపు చూశాడు. పూలు కడుతున్న చెయ్యి ఆపి ఆమె చెప్పింది.

"తొలి బస్సుకే పోయింది నాయనా. ఎంత సెప్పినా ఇనలా. పది దినాలు పండుకునేదానికి రెండు నెలల జీతమా, నేనేమన్నా రాజు బిడ్డనా అనింది. ఆ దుడ్లు పురిటికి కావాలంట. మద్యాన్నం నువ్వొచ్చినంక సెప్పమనింది."

చెంగల్రాయుడు అదే రిక్షాలో బస్టాండుకు పోయాడు. ఊళ్ళోకొచ్చే బస్సులు గోవిందనామాలతో కిక్కిరిసి ఉన్నాయి. ఊరునుంచి పోయే బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్నాడు. పూతలపట్టు దగ్గర డ్రైవరు టీకి ఆగితే దిగి అతని చెయ్యి పట్టుకుని బతిమాలాడు, పోదాం పదండని. ఎవరి మీదా కోపం రాలేదు అతనికి. లెక్క నేర్పింది తానే. ఆమె నేర్చుకున్నది తప్పకుండా చేసింది. రాత్రి లెక్క పారేసినవాడు ఆ మాట పెళ్ళాన్ని లేపి చెప్పి ఉంటే సరిపోయేది. నిద్ర చెడగొట్టడమెందుకని ఊరుకున్నాడు.

దీపాలు పెట్టేవేళకు పల్లె చేరాడు. నొప్పులు ఘాట్‌లోనే మొదలయ్యాయట. ఇల్లు చేరిన కాసేపటికే కాన్పయింది. ఆడపిల్ల. సుబ్బులమ్మ బిడ్డను దూదిలో చుట్టి చేటలో పెట్టి, పక్కన కుంపటి ఉంచుకుని కూర్చుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలదే బతకదు అని వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. చెంగల్రాయుడు వంగి చూశాడు. అరచెయ్యంత ముఖం, కళ్ళు మూసుకుని ఉంది. గుప్పెట విప్పి అతని వేలు పట్టుకుంది. అంత చిన్న చేతికి అంత పట్టు ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు.

లోపలినుంచి వసంతమ్మ పిలిచింది. పోయి పక్కన కూర్చున్నాడు. ఆమె మెల్లగా అడిగింది.

"నేను రాకపోయినా ఆ గది తీసుకునే పని మనకయ్యేది కాదు గదా మామా?"

తాళంచెవి అతని జేబులోనే ఉంది.

"లేదు మే. మనకయ్యేది కాదు," అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. తెల్లవారేసరికి బిడ్డ పోయింది. పేరు పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. సుబ్బులమ్మ ఏడో నెల మాట మళ్ళీ ఎత్తలేదు. చెంగల్రాయుడు తిరుపతికి తిరిగొచ్చి తాళంచెవి జయరావు ముందు పెట్టాడు. జయరావు సంగతి విని, డబ్బులు వద్దులే అన్నాడు. ఆ గది తీసుకున్నానన్న మాట చెంగల్రాయుడు వసంతమ్మకు ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే ఆ ప్రయాణం వృథా అయిందని ఆమెకు తెలుస్తుంది. ఆ బరువు ఒకరు మోస్తే చాలని అతననుకున్నాడు.

పెరుందేవమ్మ గది వదిలేశాడు. వసంతమ్మ తల్లి దగ్గరే ఉండిపోయింది. ఆవును పెట్టుకుని పాలకేంద్రానికి పాలు పోయడం మొదలుపెట్టింది. ఉగాదికి జయరావు జీతం కొంచెం పెంచాడు. చెంగల్రాయుడు పట్టుబట్టి వెతికి, బజారు దాటాక ఒక గది చూశాడు. ఉత్సవాలని, యాత్రికులని ఏ పేచీ లేని ఇల్లు అని ఇంటాయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. సంతోషంగా ఊరికి పోయి చెప్పాడు. వసంతమ్మ శ్రద్ధగా విని, అద్దెంతో అడిగి, వేళ్ళమీద లెక్క మొదలుపెట్టింది. బియ్యం, రాగులు, కిరసనాయిలు, ఉప్పూ చింతపండూ. అన్నీ అయ్యాక, పూటకు అరలీటరు పాలు అంది.

పెరుందేవమ్మ గదిలో కాపురమున్న రెండేళ్ళలో వాళ్ళు పాలు కొన్నది పండగలకే. ఇద్దరే ఉన్న ఇంట్లో పూటకు అరలీటరు పాలు ఎవరికి? అప్పుడర్థమైంది చెంగల్రాయుడికి, ఆమె వేస్తున్నది ఇద్దరి లెక్క కాదని. వసంతమ్మ ఆఖరి వేలు మడిచి, జీతం చాలదు మామా అంది. పాలు తీసేస్తే నికరంగా చాలుతుంది. చాలుతుందని అతను అనలేకపోయాడు.

ఆమెకు మతి చెడలేదు. అది బాగా తెలుసుకోవాలి. చుట్టుపక్కల అందరికంటే నిబ్బరంగా ఉండేది. పాల డబ్బులు పైసాతో సహా చూసుకునేది, తల్లికి జబ్బు చేస్తే ఒంటిచేత్తో సాకింది, సుబ్బులమ్మ పోయినప్పుడు కర్మకాండలన్నీ దగ్గరుండి జరిపించింది. మొగుడు వచ్చిన రోజు తలంటి పోసి, ఇష్టమైనవన్నీ వండిపెట్టేది. గది మాట ఎత్తితే మాత్రం వేళ్ళు మడిచేది. జీతం పెరిగేది, లెక్కా పెరిగేది. పాల తర్వాత ఒక ఏడు పలకా బలపం వచ్చాయి. ఇంకో ఏడు స్కూలు బట్టలు. బడి దూరమని ఒకసారి రిక్షాకు వేసింది. ప్రతిసారీ కొద్దిలో చాలకుండా పోయేది. చెంగల్రాయుడు తల ఊపి, మర్నాడు పొద్దున్న బస్సుకు పోయేవాడు. దారిలో తనకు తెలియకుండానే పిల్ల ఇప్పుడు ఏ తరగతో లెక్కపెట్టుకునేవాడు.

మధ్యలో అధికమాసాలు వచ్చాయి, పోయాయి. వచ్చినవాళ్ళకు చెంగల్రాయుడే చెప్పేవాడు, ఈ ఏడు రెండుసార్లు, గది కావాలంటే ముందే రాసుకోండని. అతని జుట్టు తెల్లబడింది. తిండి కుప్పుస్వామి కొడుకు పెట్టిన హోటల్లో, పడక కౌంటరు వెనకే. తోటివాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు, అంత జీతం ఎవరికి దాస్తున్నావని. నవ్వి ఊరుకునేవాడు. చెప్పుకుంటే తీరే బాధలు కొన్నుంటాయి, అతనిది ఆ జాతి కాదు.

ఎనభై ఎనిమిదిలో జయరావు వెనకవైపు కొత్త భవనం లేపాడు. ఇన్నేళ్ళు నమ్మకంగా పనిచేశాడని చెంగల్రాయుడికి కింద ఒక గది, వంటకు చిన్న వసారాతో సహా ఇచ్చాడు. అద్దె వద్దన్నాడు. జీతం వెనకటికంటే నాలుగు రెట్లు. ఈసారి ఏ లెక్క వేసినా చాలకుండా పోదు. చెంగల్రాయుడు భయపడుతూనే బస్సెక్కాడు. ఆశపడడానికి కూడా ఒక వయసుంటుంది, అది దాటాక ఆశ భయంలాగే ఉంటుంది.

వసంతమ్మ ఆవుకు కుడితి పెట్టి వచ్చి, చేతులు తుడుచుకుని, గడప మీద కూర్చుంది. అంతా విన్నది. అద్దె లేదంటే మళ్ళీ అడిగి నిజమేనా అని రూఢి చేసుకుంది. వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. బియ్యం, పప్పు, గ్యాసు, పాలు, పుస్తకాలు. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యీ అయిపోయింది. ఇంకా జీతం మిగులుతోంది. ఆమె చేతులు ఒడిలో పెట్టుకుంది. వస్తానంటుందేమో అనుకున్నాడు చెంగల్రాయుడు. ఒక్క క్షణం మధ్యాహ్నం ఇంటికెళ్ళి అన్నం తినడం కూడా అతని కళ్ళకు కట్టింది.

"ఆడబిడ్డ ఎదుగుతా ఉండాది," అంది వసంతమ్మ. "ముగ్గురికీ ఒక్క గది యాడ సాలుతాది మామా?"

బిడ్డ మాట ఇన్నేళ్ళలో ఆమె నోట రావడం అదే మొదలు. చెంగల్రాయుడు ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"సాలదులే మే," అన్నాడు. "ఇంకొంచెం పెద్దది సూస్తా."